ఖాళీ కాగితం పుచ్చుకోని కనకయ్య కాకా

కనకయ్య కాకా ఇక లేరు. గత నెల ఒక మధ్యాహ్నం, సూరత్ లింబాయత్‌లోని తన ఇంట్లో, జొన్నరొట్టె తిని, టీవీ చప్పుడు తగ్గించమని భార్య లచ్చవ్వతో యథావిధిగా వాదించి, యథావిధిగా ఓడిపోయి, గోడవైపు తిరిగి పడుకున్నారు. మళ్లీ లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు వైద్యులు. వయసు డెబ్బయి దాటింది. కరోనా మొదటి అలను, రెండో అలను దాటి, మూడోది వచ్చినప్పుడు మాస్కు గడ్డం కిందికి దించి దాన్ని వెక్కిరించిన మనిషి ఇంత నిశ్శబ్దంగా నిష్క్రమిస్తారని ఎవరనుకుంటారు?

వార్త నాకు చెప్పినవాడు సత్తయ్య. సూరత్ పక్కనున్న సచిన్ అనే చోట మగ్గాలు నడిపే కార్మికుడు, కాకాకు కొడుకు లాంటివాడు. ఫోన్‌లో "సార్, కాకా లేడు" అన్నాడు. నేను "ఎక్కడికి వెళ్లారు?" అని అడిగాను. దుఃఖవార్తను ఎలా స్వీకరించాలో ఇరవై ఏళ్లుగా ఊరందరికీ బోధిస్తున్న మనస్తత్వ నిపుణుణ్ణి నేను! సత్తయ్య ఓపిగ్గా విడమరిచాడు. "పల్సానా కార్ఖానకు పోలె సార్. ఇగ రాడు" అన్నాడు. అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను.

సూరత్ తెలుగువారిలో ఆయనను ఎరుగనివారు తక్కువ. ఆ తక్కువమంది కోసం ఈ నాలుగు మాటలు. ఎరిగినవారు నా తప్పులు చూపిస్తారు, తప్పులు చూపించడం ఆయన అందరికీ నేర్పి వెళ్లిన విద్యే. ఇది రాయడానికి నా సొంత కారణం కూడా ఒకటి ఉంది. తొమ్మిది ప్రశ్నలున్న ఒక కాగితాన్ని నిజం చెప్పి నింపి ఇమ్మని ఆయన నన్ను చాలా నెలలు అడిగారు. నేను ఇవ్వలేదు. అది అందకుండానే ఆయన పోయారు. ఆ కాగితం గత ఆదివారం దాకా నా చొక్కా జేబులోనే ఉంది.

జగిత్యాల వైపు ఒక పల్లె ఆయనది. మీసాలు వచ్చీ రాని రోజుల్లో సూరత్ వచ్చి మగ్గం పట్టారు. పదేళ్లకు మగ్గం వదిలి చెకింగ్ బల్ల దగ్గర నిలబడ్డారు. మగ్గం మీంచి దిగిన బట్టను ఇక్కడ తాకా అంటారు. ఆ తాకాను కింద దీపం వెలిగే బల్ల మీద పరిచి లాగుతూ, ఎక్కడ పోగు తెగింది, ఎక్కడ నూనె మరక పడింది, ఎక్కడ నేత పలచబడింది అని చూసి కాగితం మీద గుర్తు పెట్టడం చెకింగ్ మనిషి పని. ముప్ఫయి ఏళ్లు ఆయన అదే చేశారు. చివరికి చూడకుండా, అరచేయి రాస్తే చాలు, తప్పు దొరికేది. ఆ చేతికి భయపడని కార్మికుడు లేడు, ఆ మనిషిని ప్రేమించని కార్మికుడూ లేడు. ఇదెలా సాధ్యమని ఒకసారి అడిగాను. "తప్పు బట్టల ఉంటది సార్, మనిషిల ఉండది. గది చెప్పి టిక్కు వెడతుంటి" అన్నారు.

మా తొలి పరిచయం కూడా అలాగే జరిగింది. నమస్కారం పెట్టాను. ఆయన నా ముఖం చూడలేదు. నా ఎడమ భుజం చూశారు. రెండు వేళ్లతో చొక్కా పట్టుకుని, "సార్, గీడ ఒక పోగు లేదు. దుకాణపోడు మిమ్ముల ముంచిండు" అన్నారు. నలుగురిలో నా పరువు పోయింది. ఆ చొక్కా ఇప్పటికీ నా దగ్గర ఉంది, ఆ పోగు ఎక్కడ లేదో నాకు ఇప్పటికీ కనిపించదు.

మా వైద్యశాల సలాబత్‌పురాలో ఒక చీరల దుకాణం మీద రెండు గదుల్లో ఉంటుంది. మనసు బాగాలేనివారికి ఉచితంగా వైద్యం చేస్తాం. డాక్టర్ హేతల్‌బేన్ మందులు రాస్తారు, నేను మాట్లాడతాను. మొదటి లాక్‌డౌన్ ఎత్తేశాక ఊళ్ల నుంచి కార్మికులు బస్సుల్లో తిరిగి వస్తున్న రోజులవి. చూసిన చావులు, నడిచిన దారులు, మూతబడ్డ కార్ఖానాలు అన్నీ మనసులో పెట్టుకుని వచ్చారు. ఆదివారం ఒక్కరోజే మా మెట్ల మీద యాభై మంది నిలబడేవారు. మనిషికి అయిదు నిమిషాలు దొరికితే గొప్ప. ఆ అయిదు నిమిషాల్లో ఎవరి మనసులో ఏముందో ఏ వైద్యుడికి తెలుస్తుంది? అందుకే ప్రశ్నల కాగితం పెట్టాం. గడిచిన రెండు వారాల్లో నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, దిగులు ఎన్ని రోజులుంది అని తొమ్మిది ప్రశ్నలు. ఒక్కోదానికి నాలుగు గడులు: అసలు లేదు, కొన్ని రోజులు, సగానికి మించి, దాదాపు రోజూ. రోగి తన సంగతి తానే టిక్కు పెట్టి చెబుతాడు. నెల తర్వాత మళ్లీ నింపితే, మందు పనిచేస్తోందో లేదో ఆ రెండు కాగితాలే మాట్లాడుకుంటాయి. వైద్యుడి ఊహకంటే రోగి మాటకు విలువ ఇచ్చే పద్ధతి కనుక అది నాకు ప్రాణం.

దాన్ని తెలుగు చేసింది నేను. మా నాన్నగారు రైల్వేలో ఉద్యోగం చేస్తూ కూడా నాకు గ్రాంథికం నూరిపోశారు. ఆ పాండిత్యం ప్రదర్శించుకునే అవకాశం సూరత్‌లో ఎప్పుడు వస్తుంది? మొదటి ప్రశ్న ఇలా రాశాను: "నిత్యకార్యకలాపములయందు ఆసక్తి లేక ఆనందము లోపించుట." రాసి, పైకి చదువుకుని, ఎంతో సంతోషించాను. కనకయ్య కాకా మొదటిసారి దాన్ని చేతిలోకి తీసుకుని, కళ్లద్దాలు సర్దుకుని, పెదాలు కదుపుతూ చదివి, భక్తిగా నా వైపు చూశారు. "గిది పెండ్లిల చదువుతరా సార్, దినాలకు చదువుతరా?" అని అడిగారు. నాకు కోపం వచ్చింది. రెండు రోజులు కోపంగానే ఉన్నాను. మూడో రోజు ఆయన పక్కన కూర్చుని మళ్లీ రాశాను. "పని మీద, పిల్లల మీద, పండుగ మీద, దేని మీదన్న మనసు వడతలేదా?" ఇప్పుడు సూరత్‌లో నడుస్తున్నది ఆ ప్రశ్నే. దానికి కర్త ఆయన, రాయసకాడిని నేను.

ఇది జరగడానికి ముందు నేను చేసిన అసలు తప్పు ఒకటుంది. అది ఒప్పుకోకపోతే ఆయన గొప్పతనం తెలియదు. కాగితం పెట్టిన మొదటి మూడు వారాలు తెలుగు కార్మికుల కాగితాలన్నీ తెల్లగా తిరిగి వచ్చాయి. ఒక్క టిక్కు లేదు. టిక్కు లేదంటే బాధ లేదన్నమాట అనుకుని అన్నిటికీ సున్నాలు వేశాను. హేతల్‌బేన్ ఆశ్చర్యపోయి "మీ తెలుగువాళ్లు సూరత్ మొత్తంలో సుఖంగా ఉన్నారే!" అన్నారు. నా ఛాతీ ఉబ్బింది. "ఆంధ్రుల అచంచల మనోధైర్యం" అని ఒక పేరా కూడా రాసి నివేదికలో చేర్చాను. ఆ నివేదిక ఇప్పుడు ఎవరికైనా దొరికితే దయచేసి చించేయండి.

నాలుగో ఆదివారం కాకా నలుగురు మనుషులను ఆటోలో కుక్కి తీసుకొచ్చారు. వాళ్లకు మనసు బాగాలేదని ఆయనకు తెలుసు, అందుకే తెచ్చారు. నలుగురూ కాగితాలు తీసుకున్నారు, నలుగురూ తెల్లగా తిరిగి ఇచ్చారు. నేను చిరునవ్వుతో నాలుగు సున్నాలు వేశాను. కాకా నా భుజం మీదుగా చూసి నవ్వడం మొదలుపెట్టారు. మాస్కు జారిపోయి, కళ్లద్దాలు మసకబారి, మెట్ల మీద కూర్చుని మరీ నవ్వారు. నవ్వు ఆగాక ఇలా అన్నారు.

"సార్, వీళ్లు చచ్చినా టిక్కు వెట్టరు. కార్ఖానల గడులున్న కాగితం అంటె చెకింగ్ కాగితం. టిక్కు అంటె తప్పు. టిక్కులు ఎక్కువైతె మగ్గం గుంజుకుంటరు. ముప్పయేండ్లు నేనే గా టిక్కులు వెట్టి వీళ్లను బెదిరిచ్చిన. ఇయ్యాల మీరు వాని చేతికే పెన్సిలిచ్చి, నీ మీద నువ్వే టిక్కు వెట్టుకొమ్మంటె వెడతడా?"

నేను ఆ నాలుగు కాగితాలను మళ్లీ తిరగేశాను. 'అసలు లేదు' అనే గడిలో కూడా ఎవరూ టిక్కు పెట్టలేదు. ఆ సంగతి మూడు వారాలుగా నా కళ్లముందే ఉంది. బాధ లేనివాడైతే అక్కడ గుర్తు పెట్టాలి కదా? అక్కడా పెట్టలేదంటే అది జవాబే కాదు. చదువుకున్న నాకు కనిపించనిది, నేతలో లేని పోగును చూసే కంటికి క్షణంలో కనిపించింది. అప్పుడాయన అన్న మాటను హేతల్‌బేన్ తర్వాత గుజరాతీలో రాయించి మా గోడకు తగిలించారు: "ఖాళీ అంటె మంచిగున్నట్టు గాదు, చెప్పనట్టు."

ఆ నలుగురిలో ఒకడు సత్తయ్య. నలభై ఏళ్ల మనిషి. లాక్‌డౌన్‌లో భార్యాపిల్లలను ఊళ్లో వదిలి ఒక్కడే తిరిగి వచ్చాడు. కాకా అతని కాగితం మళ్లీ చేతికి తీసుకుని, మా మెట్ల మలుపులో, ఎవరికీ వినపడని చోట రెండు పీటలు వేశారు. సత్తయ్యను ఎదురుగా కూర్చోబెట్టి, ముందు తన కోసం ఒక కాగితం అడిగి తీసుకున్నారు. అతను చూస్తుండగా తన మీద తానే టిక్కులు పెట్టుకోవడం మొదలుపెట్టారు. "నిద్ర. నాకు కొన్ని దినాలు వడతలేదు, మోకాళ్లు గుంజుతయి. టిక్కు. దిగులు. మా తమ్ముడు పోయినంక సగం దినాలు ఉంటది. టిక్కు. సూసినవా, నా మగ్గం ఎవ్వడన్న గుంజుకుంటున్నడా?" సత్తయ్య ఆ టిక్కుల్ని చాలాసేపు చూశాడు. జీవితమంతా అతని మీద టిక్కులు పెట్టిన చేయి తన మీద తానే పెట్టుకుంటోంది. తర్వాత పెన్సిల్ తీసుకున్నాడు.

తొమ్మిదో ప్రశ్న కష్టమైనది. చచ్చిపోతే బాగుండునని అనిపించిందా అని అడుగుతుంది. దాన్ని అడిగేటప్పుడు మాలో చాలామంది గొంతు తగ్గిస్తాం. కాకా తగ్గించలేదు. నిద్ర గురించి అడిగినట్టే అడిగారు. "గిది అందరికి అడిగే మాటే బిడ్డా, నీకొక్కనికే గాదు. అనిపిస్తదా?" సత్తయ్య తల వంచుకుని "రోజు అనిపిస్తది కాకా" అన్నాడు. కాకా టిక్కు పెట్టించారు, చేయి పట్టుకున్నారు, పట్టుకున్న చేయి వదలకుండానే మెట్లెక్కి నేరుగా హేతల్‌బేన్ గదిలోకి తీసుకువచ్చారు. "బేన్, గీ మనిషిని ముందుగాల సూడుండ్రి, లైను తప్పినా మంచిదే" అన్నారు. ఆ రాత్రి నుంచి పది రోజులు సత్తయ్య లింబాయత్‌లో కాకా ఇంట్లోనే పడుకున్నాడు. లచ్చవ్వ తిండి పెట్టింది, మందులు గుర్తుచేసింది, టీవీ చూపించింది. మూడు నెలలకు అతని తొమ్మిదో ప్రశ్నకు టిక్కు 'అసలు లేదు' దగ్గరికి వచ్చింది. ఆ కాగితాన్ని కాకా దీపానికి ఎదురుగా పట్టుకుని, తాకాను చూసినట్టు చూసి, "పాస్" అన్నారు. మా వైద్యశాలలో నేను విన్న అతి మధురమైన మాట అదే.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆయన పీట మా మెట్ల మలుపులో శాశ్వతంగా వెలిసింది. ఎవరూ నియమించలేదు, ఎవరూ వద్దనలేదు. పద్ధతి ఒక్కటే. ముందు ఆయన తన కాగితంలో టిక్కులు పెట్టుకుంటారు, తర్వాతే ఎదుటివాడి చేతికి పెన్సిల్. చదువురానివాళ్లకు చదివి వినిపిస్తారు. రెండు వారాలు అని అడిగితే ఎవరికీ లెక్క తెలిసేది కాదు. మగ్గాల మీద వారం పగటి పాళీ, వారం రాత్రి పాళీ నడుస్తుంది కదా, అందుకని ఆయన "పగటి పాళీల ఎన్ని దినాలు? రాత్రి పాళీల ఎన్ని దినాలు?" అని అడిగేవారు. ఠక్కున జవాబు వచ్చేది. "రాత్రి నిద్ర పడుతోందా" అని నేను రాసిన ప్రశ్నకు రాత్రి పాళీ వాళ్లందరూ లేదనే చెప్పేవారు. పని మానేసి నిద్రపోతే సేటు ఊరుకుంటాడా? "పండుకున్నప్పుడు నిద్ర వడతలేదా" అని మార్చింది ఆయనే.

నవ్వులకు కొదవ ఉండేది కాదు. టిక్కు పెడితే తప్పు కాదని కాకా గట్టిగా ప్రచారం చేశాక, ఒక మహానుభావుడు తొమ్మిదింటికి తొమ్మిదీ చివరి గడిలోనే పెట్టి తెచ్చాడు. హేతల్‌బేన్ కంగారుగా లేచారు. అతను మాత్రం చిరునవ్వులు చిందిస్తున్నాడు. విడిగా కూర్చోబెట్టి అడిగితే, "కాకా టిక్కులు వెట్టుమన్నడు గద, వెట్టిన. తక్కువైతె చెప్పుండ్రి, ఇంకిన్ని వెడత" అన్నాడు. ఇంకొకడు ఆకలి ప్రశ్న దగ్గర ఆగిపోయాడు. "మెస్సుల పప్పు నీళ్ల లెక్క ఉంటె ఎట్ల తింట కాకా? గది నా మనసుది గాదు, వంటోనిది." కాకా ఆలోచించి, టిక్కు పెట్టించి, పక్కన అంచులో 'వంటోనిది' అని రాశారు. హేతల్‌బేన్‌కు తెలుగు రాదు. అది ఏ కొత్త లక్షణమో అని నన్ను అడిగారు. నేను వివరించాను. ఆమె నవ్వి, ఆ మెస్సు వంటవాణ్ణి పిలిపించి మాట్లాడమని నాకే పురమాయించారు. మనసుకు వచ్చిన జబ్బుకూ పరిస్థితులు తెచ్చిన ఇబ్బందికీ తేడా గమనించాలని నేను పుస్తకాల్లో చదివాను. ఆయన కాగితం అంచులో రాశారు.

లచ్చవ్వ కొన్నాళ్లు చూసింది. ఒక ఆదివారం తనే వచ్చి మెట్ల మీద నిలబడి, "మొగోళ్లకేనా కాగితాలు? మేం మనుషులం గామా?" అని అడిగింది. వెనక చూస్తే, ఇళ్లలో కూర్చుని చీరల దారాలు కత్తిరించే ఆడవాళ్లు పన్నెండు మంది. కాకా లేచి పీట భార్యకు ఇచ్చారు. ఆమె మొదటి కాగితం తన కోసం తీసుకుని, పైనుంచి కిందికి ఆయనతో చదివించుకుని, "మొగని లొల్లి గురించి ప్రశ్న లేదేంది?" అని నిలదీసింది. లేదని చెప్పాను. "గట్లయితె మీ కాగితం సగమే" అంది. ఆ మెట్లన్నీ నవ్వాయి, అందరికంటే గట్టిగా కాకా నవ్వారు.

ఇక నా సంగతి. రెండో అలలో విజయవాడలో మా అక్కయ్య పోయింది. అమ్మ తర్వాత అమ్మ. నా చిన్నతనమంతా దాని చంకలో గడిచింది. చివరి చూపు ఫోన్ తెర మీద చూశాను, అదీ మధ్యలో ఆగి ఆగి. మూడో రోజు పనిలోకి వచ్చాను. ఎవరైనా అడిగితే "ఏం చేస్తాం, అందరి ఇళ్లలోనూ ఇదే కదా" అనేవాణ్ణి. ఆ ఆదివారం కాకా నన్ను పైనుంచి కిందికి చూసి, "సార్, మీ అంగి గుండీలు ఒకటి తప్పిచ్చి ఒకటి వెట్టుకున్నరు" అన్నారు. సరిచేసుకున్నాను. ఆయన ఏమీ అనకుండా తన కాగితంలో టిక్కులు పెట్టుకుని, ఇంకొక కాగితం నా ముందు పెట్టారు.

నేను దాన్ని తెల్లగా తిరిగి ఇచ్చాను. "నాకేం లేదు కాకా" అన్నాను. "లేకుంటె 'లేదు' కాడ టిక్కు వెట్టుండ్రి" అన్నారు. పెట్టలేకపోయాను. అబద్ధం అవుతుంది. పక్క గడుల్లో పెట్టడానికీ చేయి రాలేదు. అప్పుడు నాకు ఆ కార్మికుల భయం అర్థమైంది. నా మగ్గం ఎవరు గుంజుకుంటారు? ఎవరూ గుంజుకోరు. అయినా మనసుల బాగు చూసే మనిషి మనసులో తప్పు దొరికితే ఇంకేం మిగులుతుందని భయపడ్డాను. కాకా బలవంతం చేయలేదు. కాగితాన్ని తాకాకు కట్టే చీటీలా నాలుగు మడతలు పెట్టి నా జేబులో దూర్చారు. "ఖాళీది నేను తీసుకోను సార్. తొందర లేదు, మీకాడనే ఉండనియ్యుండ్రి" అన్నారు.

తర్వాత ప్రతి ఆదివారం అదే తంతు. వస్తూనే నా జేబు తడిమి చూసేవారు. పాతది మాసిపోతే కొత్తది పెట్టేవారు. నేను మాట మార్చేవాణ్ణి, ఆయన మార్చనిచ్చేవారు. ఒక్కసారి కూడా నలుగురిలో అడగలేదు. పోవడానికి ముందు ఆదివారం నా భుజం మీద చేయి వేసి, బట్ట మీద అరచేయి రాసి, "అంగి మంచిగుంది సార్, ఒక్క పోగు పోలె. లోపలిదే నాకు తెల్వది. ఉగాది దాక టైం ఇస్తున్న" అన్నారు. నేను నవ్వి "అలాగే కాకా" అన్నాను. ఉగాదికి ఆయన ఉంటారని నమ్మి అన్నాను.

అంత్యక్రియల నాడు లింబాయత్ గల్లీ మనుషులతో నిండిపోయింది. పల్సానా నుంచి, సచిన్ నుంచి పాళీలు మార్చుకుని వచ్చారు. తమ మగ్గం మీద తామే నేసిన తెల్ల బట్ట ఒకటి తెచ్చారు, కాకా మీద కప్పడానికి. కప్పే ముందు ఎవరికో అనుమానం వచ్చింది. కాకా మీద వేసే బట్టలో తప్పుంటే ఎట్లా? నలుగురు తలో మూలా పట్టుకుని ట్యూబులైటు కింద పరిచి, గజం గజం చూశారు. దొరికింది. అంచు దగ్గర ఒక పోగు లేదు. ఇక గొడవ మొదలైంది. ఇంకో తాకా తేవాలని కొందరు, ఆలస్యమవుతుందని కొందరు. లోపలి నుంచి లచ్చవ్వ వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది. బట్టను చేత్తో తడిమి చూసింది. "గదే కప్పుండ్రి. తప్పు దొరకకుంటె ఆయనకు నిద్ర వట్టది" అంది. అంత దుఃఖంలోనూ గల్లీ అంతా నవ్వింది. నవ్వుతూ, ఏడుస్తూ మోసుకెళ్లాం.

గత ఆదివారం వైద్యశాలకు వెళ్లాలంటే నాకు కాళ్లు రాలేదు. మెట్ల మలుపులో ఆ పీట ఖాళీగా ఉంటే చూడలేననుకున్నాను. ఖాళీగా లేదు. సత్తయ్య కూర్చున్నాడు. నన్ను చూడగానే లేచి, ఎదుటి పీట తుడిచి, "కూసోండ్రి సార్" అన్నాడు. కూర్చున్నాను. అతను తన కాగితం తీసుకుని ముందుగా తనకు టిక్కులు పెట్టుకున్నాడు. "నిద్ర, కొన్ని దినాలు వడతలేదు. కాకా యాదికొస్తున్నడు. టిక్కు. తొమ్మిదోది, లేదు. 'లేదు' కాడ టిక్కు." తర్వాత పెన్సిల్ నా వైపు చాపి, "జేబులది తీయుండ్రి సార్" అన్నాడు.

"కాకా చెప్పారా?" అన్నాను.

"ఎవ్వలకు చెప్పలె సార్. ఐతారం ఐతారం మీ జేబుల వెట్టుడు మాకు కనవడదా?"

కాగితం తీశాను. మడతల దగ్గర చిరిగిపోవడానికి సిద్ధంగా ఉంది. సత్తయ్య చదువుతున్నాడు, నేను తెలుగు చేసిన ప్రశ్నలు, కాకా దిద్దిన ప్రశ్నలు. దేని మీదన్న మనసు వడతలేదా? టిక్కు పెట్టాను. దిగులుగ ఉంటున్నదా? పెట్టాను. నిద్ర దగ్గర చేయి ఆగింది. అక్కయ్య పోయిన నాటి నుంచి రాత్రి మూడింటికి మెలకువ వచ్చి, ఫోన్ తీసి, ఆ ఆగి ఆగి కదిలే చిత్రాన్ని మళ్లీ చూస్తున్నానని ఎవరికీ చెప్పలేదు. ఆ ప్రశ్న దాటి తర్వాతిదానికి వెళ్లబోయాను. సత్తయ్య చదవలేదు. కాగితం మీద వేలు పెట్టి కూర్చున్నాడు.

"ఖాళీ ఇడువద్దు సార్. కాకా తీసుకోడు."

చివరి గడిలో పెట్టాను. పెడుతుంటే కళ్లు మసకబారాయి. సత్తయ్య చూడనట్టు పక్కకు తిరిగి, మిగతావి చదివాడు. తొమ్మిదోది కాకా అడిగినట్టే, గొంతు తగ్గించకుండా అడిగాడు. 'లేదు' దగ్గర పెట్టాను, అది నిజం. తర్వాత అతను నా చేయి పట్టుకుని హేతల్‌బేన్ గదిలోకి తీసుకెళ్లాడు. ఆమె కాగితం చూశారు, నన్ను చూశారు, టీ తెమ్మని కేకేసి తలుపు వేశారు. ఇరవై ఏళ్లుగా ఇతరులు కూర్చునే కుర్చీలో కూర్చుని, మా అక్కయ్య గురించి మొదటిసారి నోరు విప్పాను. ఎంతసేపు మాట్లాడానో తెలియదు. బయటి నుంచి ఎవరో "సార్, మీదే అయితదా, మాదేమన్న సూస్తరా? పాళీ టైమైతున్నది!" అని అరిచారు. మెట్లన్నీ నవ్వాయి. లోపల నేనూ నవ్వాను. నాలుగు రోజులుగా మూడింటికి మెలకువ రావడం లేదు. రేపటి మాట రేపటి కాగితం చెబుతుంది.

ప్రశ్నలు రాయగలవారు వేలమంది ఉన్నారు. మనిషి నోటి వెంట నిజమైన జవాబు రప్పించగల చేయి ఒక్కటే ఉండేది, అది పోయింది. ఆ పీట మీద రేపు ఎందరు కూర్చున్నా, అరచేయి రాసి మనిషిని చదివే కనకయ్య కాకా లోటు ఈ నగరానికి తీరేది కాదు. ఆయన పాదాలకు ఈ శిష్యుడి సాష్టాంగ నమస్కారం.

కాకా, ఉగాదికి ఇంకా రోజులున్నాయి. మీకు రావలసిన కాగితం వచ్చింది. దీపానికి ఎదురుగా పట్టి చూసుకోండి, తొమ్మిదింటిలో ఒక్కటీ ఖాళీ లేదు.